పిస్టన్‌ను కరిగించింది ఎవరు? మార్పులు చేసిన టర్బో డీజిల్ ఇంజన్‌లో లోపం వెతికే తీరు

సిలిండర్ల పై మూత అయిన హెడ్‌ను విప్పగానే అంచు కరిగిన పిస్టన్ కనబడితే లోపం దొరికిందని ఊపిరి పీల్చుకోవడం సహజమే గానీ, నిజానికి అప్పటికి దొరికింది దెబ్బతిన్న భాగం మాత్రమే. దాన్ని దెబ్బతీసినది ఇంకా ఆ ఇంజన్ మీదే ఎక్కడో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా కొత్త పిస్టన్ వేసి బిగిస్తే కొన్నాళ్లకు అదీ కరుగుతుంది. కంపెనీ అమర్చింది అమర్చినట్టే ఉన్న ఇంజన్ అయితే ఈ వెతుకులాట కొంత సులువు, ఎందుకంటే ఎంత డీజిల్ పడాలో, ఎగ్జాస్ట్‌తో తిరిగే టర్బో సిలిండర్లలోకి ఎంత గాలి నెట్టాలో, ఏ బోల్టును ఎంత బిగించాలో రాసిన పుస్తకం ఉంటుంది, కొలిచిన అంకెను ఆ అంకెతో పోల్చుకోవచ్చు. మార్పులు చేసిన ఇంజన్‌కు అలాంటి పుస్తకం లేదు. పంపు ఎంత పెంచారో, డీజిల్ చిమ్మే నాజిళ్లు ఏవి వేశారో యజమానికి గుర్తున్నంత మేరే తెలుస్తుంది, ఆ గుర్తు కూడా చాలాసార్లు తనకు అనుకూలంగానే ఉంటుంది.

విషయం గాలిలో తేలిపోకుండా ఒకే ఇంజన్‌ను తీసుకుందాం. కమ్మిన్స్ బి శ్రేణిలోని 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ 1989 మోడల్ నుంచి అమెరికాలోని డాడ్జ్ పికప్ ట్రక్కుల్లో 160 హార్స్‌పవర్‌తో వచ్చింది. 1994 నుంచి 1998 దాకా వచ్చిన పన్నెండు వాల్వుల ఇంజన్లకు బాష్ వారి పి7100 ఇన్‌లైన్ పంపు అమర్చారు; 1996 తర్వాత మాన్యువల్ గేర్ల బండ్లలో అది 215 హార్స్‌పవర్ ఇచ్చేది. పూర్తిగా మెకానికల్‌గా నడిచే ఆ పంపు పైభాగం విప్పి ఒక చిన్న రేకు మారిస్తే చాలు, డీజిల్ ధార పెరుగుతుంది, అందుకే మార్పులు చేసుకునేవారికి ఈ ఇంజన్ మీద అంత మోజు. ఇది మనకు మాత్రం పరాయిదేమీ కాదు. టాటాలు, కమ్మిన్స్ కలిసి 1993లో జంషెడ్‌పూర్ కేంద్రంగా స్థాపించిన టాటా కమ్మిన్స్ ఇదే బి శ్రేణి ఇంజన్లను తయారుచేసి టాటా లారీలకు ఇచ్చింది, వాటిని విప్పి బిగించిన చేతులు విజయవాడ ఆటోనగర్‌లో చాలానే ఉన్నాయి.

ఇప్పుడు అలాంటి ట్రక్కు ఒకటి షెడ్డుకు వచ్చిందనుకుందాం. 1997 మోడల్. పంపులోని ఆ రేకును, అంటే ఫ్యూయల్ ప్లేటును, తీసేశారు, పెద్ద రంధ్రాల నాజిళ్లు వేశారు, టర్బో మాత్రం బండితో వచ్చిన హోల్సెట్ హెచ్ఎక్స్35. అదనపు ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి వదిలేసే వేస్ట్‌గేట్ తెరుచుకోకుండా మూసేసి బూస్ట్‌ను, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడిని, 35 పీఎస్ఐ దాకా తెచ్చారు. హెడ్ బోల్టులు పాతవే. డ్యాష్‌బోర్డు మీద రెండు కొత్త మీటర్లున్నాయి, ఒకటి బూస్ట్‌కు, రెండోది ఎగ్జాస్ట్ వేడికి. కొలరాడోలో డెన్వర్ నుంచి అయిదు టన్నుల ట్రైలర్ తగిలించుకుని ఐ-70 హైవే మీద పడమరగా ఎక్కుతూ, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం సమీపించేసరికి బండి పికప్ పోయింది, మిస్ కొట్టడం మొదలైంది, వెనుక తెల్ల పొగ కమ్మింది, ఇంజన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ గొట్టం నుంచి ఆయిల్ కారింది, కూలెంట్ డబ్బా పొంగింది. యజమాని దగ్గర తీర్పు సిద్ధంగానే ఉంది: హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది.

వేడి, ఒత్తిడి

ఆ తీర్పును ఒప్పుకునే ముందు, డీజిల్ ఇంజన్‌లో శక్తి పెంచినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడాలి. పెంచిన ఇంజన్‌ను చంపేవి ప్రధానంగా రెండు. ఒకటి వేడి, రెండోది సిలిండర్‌లోని ఒత్తిడి. ఈ రెండూ ప్రతిసారీ కలిసే పెరుగుతాయని లేదు, కొన్ని మార్పులు ఒకదాన్ని తగ్గించి రెండోదాన్ని పెంచుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందు వేడి సంగతి. ఒక పాలు డీజిల్ పూర్తిగా కాలడానికి బరువులో సుమారు 14.5 పాళ్ల గాలి కావాలి, కానీ సిలిండర్‌లో రెండూ కలిసే సమయం రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి 18, 20 పాళ్ల కంటే గాలి తగ్గగానే నల్ల పొగ మొదలవుతుంది. డీజిల్ పెంచి గాలి పెంచకపోతే కాలడం ఆలస్యంగా ముగుస్తుంది, మంట పిస్టన్ దిగేటప్పుడూ దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, పిస్టన్‌కు వాడే సిలికాన్ కలిసిన మిశ్రమం అంతకంటే ముందే మెత్తబడుతుంది. లోపలి మంట క్షణకాలం రెండు వేల డిగ్రీలు దాటినా పిస్టన్ బతకడానికి కారణం, బ్లాకులోని చిన్న జెట్లు దాని అడుగున నిరంతరం ఆయిల్ చిమ్ముతూ వేడిని లాగేయడం, మంటకూ మంటకూ మధ్య చల్లని గాలి లోపలికి రావడం. ఈ వేడి బేరం ఎక్కడ చెడుతుందో తెలుసుకోవడానికే టర్బోకు ముందు ఎగ్జాస్ట్ వేడిని కొలుస్తారు. అది 700 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు నిలవకూడదని ఈ ఇంజన్లతో పనిచేసేవారు పెట్టుకున్న గీత.

ఇక ఒత్తిడి. ఈ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 102 మిల్లీమీటర్లు, అంటే హెడ్ మీద ప్రతి సిలిండర్ నెట్టే వైశాల్యం సుమారు 82 చదరపు సెంటీమీటర్లు. మంట మండినప్పుడు లోపల 140 బార్ల ఒత్తిడి (ఒక బారు దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) పుట్టిందనుకుంటే ఒక్కో సిలిండర్ హెడ్‌ను దాదాపు 11.7 టన్నుల బలంతో పైకి తోస్తుంది; అదే 200 బార్లయితే 16.7 టన్నులు. ఆ బలానికి ఎదురు నిలిచేవి బోల్టుల బిగింపు, ఆ బిగింపులో నలిగే గ్యాస్కెట్. బిగింపు చాలని క్షణంలో హెడ్ వెంట్రుకవాసి లేస్తుంది, మంట గ్యాస్కెట్ ఉంగరాన్ని దాటి నీటి దారిలోకి దూరుతుంది.

డీజిల్‌ను ఏ క్షణంలో చిమ్మాలన్న టైమింగ్ విషయానికి వస్తే ఈ రెండు శత్రువులూ చెరోవైపు లాగుతాయి. డీజిల్‌ను ముందుగా చిమ్మిస్తే మంట త్వరగా ముగిసి ఎగ్జాస్ట్ చల్లబడుతుంది, పొగ తగ్గుతుంది, మీటరు చూసిన యజమాని సంతోషిస్తాడు. ఆ సంతోషానికి ఖరీదు గ్యాస్కెట్ చెల్లిస్తుంది, ఎందుకంటే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మండిన డీజిల్ ఒత్తిడిని విపరీతంగా పెంచుతుంది. టైమింగ్ వెనక్కి లాగితే గ్యాస్కెట్ తేరుకుంటుంది, పిస్టన్‌కు వేడి తగులుతుంది. అందుచేత మార్పులు చేసిన బండిలో "ఏ భాగం పోయింది" అని అడిగే ముందు "వేడితో పోయిందా, ఒత్తిడితో పోయిందా" అని అడగాలి. దానికి జవాబు దొరికితే ఏ మార్పు మీద అనుమానపడాలో సగం తేలిపోతుంది.

ఎత్తు చేసిన పని

కొండ ఎక్కేటప్పుడే ఎందుకు పోయింది? లోడు ఎక్కువ కాబట్టి అంటే సరిపోదు. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1.01 బార్లుంటే 3,400 మీటర్ల దగ్గర సుమారు 0.66 బార్లే ఉంటుంది. బూస్ట్ మీటరు చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఉందన్న లెక్క. 35 పీఎస్ఐ అంటే 2.4 బార్లు; కింద ఆ బూస్ట్ ఇవ్వడానికి టర్బో గాలిని 3.4 రెట్లు నొక్కితే చాలు, పైన అదే ముల్లు అదే అంకె దగ్గర నిలవాలంటే 4.6 రెట్లు నొక్కాలి. వేస్ట్‌గేట్ మూసేశారు కాబట్టి అడ్డుచెప్పేవారు లేరు, చక్రం తన శక్తికి మించి తిరుగుతుంది. దాని సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేసినా, 20 డిగ్రీల గాలి మొదటి సందర్భంలో 190 డిగ్రీల పైచిలుకు, రెండో సందర్భంలో దాదాపు 250 డిగ్రీలై బయటికొస్తుంది, నిజానికి అంత వేగంలో సామర్థ్యం 70 శాతం నిలవదు కూడా. వేడెక్కిన గాలి పలచన. మీటరు బూస్ట్ తగ్గలేదంటుంది, సిలిండర్‌కు మాత్రం గాలి తగ్గుతుంది, పంపుకు ఈ గొడవ తెలియదు కాబట్టి పోసే డీజిల్ పోస్తూనే ఉంటుంది.

రెండో మీటరు సంగతి ఇంకా విచిత్రం. దాని ప్రోబును టర్బో దాటిన తర్వాత, సైలెన్సర్ గొట్టంలో బిగించారు. అక్కడ రంధ్రం చేయడం తేలిక, ఇనప రజను టర్బోలో పడుతుందన్న భయమూ ఉండదు. కానీ టర్బో తిరిగేదే ఎగ్జాస్ట్ వేడిని లాక్కుని కాబట్టి, పూర్తి లోడు మీద టర్బో వెనుక వేడి ముందున్న దానికంటే 150 డిగ్రీల దాకా తక్కువ చూపవచ్చు. యజమాని "ఎప్పుడూ 600 దాటలేదండీ" అన్నది అబద్ధం కాదు, కానీ పిస్టన్ చూసిన వేడి అది కాదు.

విప్పకముందు

ఇంత అనుమానం కుదిరాక కూడా వెంటనే స్పానర్ పట్టకూడదు. ఇంజన్ నడిచే స్థితిలో ఉన్నంతసేపే చెప్పగల సంగతులు కొన్ని ఉంటాయి, విప్పాక అవి పోతాయి.

మొదట తెల్ల పొగ. తెల్ల పొగ రెండు రకాలు, దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. కూలెంట్ ఆవిరి అయితే గాలిలో త్వరగా కలిసిపోతుంది, కొంచెం తియ్యటి వాసన వేస్తుంది. కాలని డీజిల్ అయితే పొగ వేలాడుతుంది, కళ్లు మండుతాయి, పచ్చి డీజిల్ వాసన గొంతులో దిగుతుంది. మన బండిలో కళ్లు మండాయి. అంటే ఒక సిలిండర్‌లో డీజిల్ పడుతోంది గానీ అంటుకోవడానికి తగిన కంప్రెషన్ అక్కడ లేదు. హెడ్ గ్యాస్కెట్ కథకు ఇది మొదటి ఎదురుదెబ్బ.

ఆ సిలిండర్ ఏదో తేల్చడానికి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఇంజెక్టర్ లైన్ల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి మళ్లీ బిగిస్తారు. పనిచేసే సిలిండర్ లైను వదలగానే ఇంజన్ కుంటుతుంది. చచ్చిన సిలిండర్ లైను వదిలితే ఏ మార్పూ ఉండదు. ఇక్కడ నాలుగో లైను దగ్గర ఏ మార్పూ లేదు. ఈ పద్ధతి పాత మెకానికల్ పంపులకే, అదీ కళ్లద్దాలూ గ్లవ్స్ వేసుకునే. 2003 నుంచి వచ్చిన కామన్ రైల్ ఇంజన్ల మీద దీన్ని ఎవరూ ప్రయత్నించకూడదు, 1600 బార్ల డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, తర్వాత జరిగేది ఆపరేషనే.

తర్వాత బ్రీదర్. ఆయిల్ పోసే మూత విప్పి దాన్నే తిరగేసి రంధ్రం మీద ఊరికే ఆనించి చూడండి. మంచి ఇంజన్ మీద అది కొంచెం కదులుతూ కూర్చుంటుంది. ఇక్కడ ఎగిరి పడింది, లోపలి నుంచి ఆయిల్ తుంపరలతో పొగ బుసబుసమని వచ్చింది. ఇది చూసి పిస్టన్ పోయిందని తేల్చేయడానికి లేదు, క్రాంక్ కేసులోకి, అంటే పిస్టన్ల కింది గదిలోకి, గాలి వచ్చే దారులు వేరే ఉన్నాయి. టర్బో సీల్ ఉంగరాలు అరిగితే ఎగ్జాస్ట్ దాని ఆయిల్ గొట్టం వెంట కిందికి దిగుతుంది. మన లారీల మీదైతే బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ రింగులు అరిగినా ఇదే బుస వస్తుంది, దాని గాలి ఇంజన్‌లోకే తిరిగొస్తుంది కాబట్టి. ఆ సంగతి చూడకుండా ఇంజన్ దించి, రింగులు మార్చి, బిగించాక అదే బుస విని తలపట్టుకున్నవారు లేకపోలేదు.

కూలెంట్ పొంగిన సంగతి ఇంకా మిగిలే ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌కు రేడియేటర్ మూత బిగించి స్టార్ట్ చేసి, పై గొట్టాన్ని అరచేత్తో నొక్కి చూస్తే, గ్యాస్కెట్ తెగిన బండిలో నీళ్లు గోరువెచ్చన కాకముందే గొట్టం రాయిలా గట్టిపడుతుంది. ఇక్కడ గట్టిపడలేదు. రంగు మారే ద్రావణంతో కూలెంట్‌లో దహన వాయువు ఉందేమో చూసే పరీక్ష కూడా ఉంది గానీ, డీజిల్ ఐడిల్‌లో నడిచేటప్పుడు ఎగ్జాస్ట్‌లో అధిక గాలి ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి, అది లేదన్నంత మాత్రాన నమ్మేయలేము. అదీగాక హెడ్ లేవడమన్నది పూర్తి బూస్ట్ మీదే జరిగి, యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ మూసుకునే రకం కావచ్చు. అలాంటిది గాలి కొట్టి చూసే లీక్ పరీక్షకూ అందకపోవచ్చు గానీ, చచ్చిన సిలిండర్‌లోని గాలి ఎటు పోతోందో మాత్రం ఆ పరీక్షే చెబుతుంది.

నాలుగో సిలిండర్ ఇంజెక్టర్ తీసి, రెండు వాల్వులూ మూసుకునే కంప్రెషన్ చివర పిస్టన్‌ను నిలిపి, ఆ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించాలి. క్రాంక్‌ను బార్‌తో గట్టిగా పట్టి ఉంచకపోతే గాలి పిస్టన్‌ను కిందికి నెట్టి ఇంజన్‌ను తిప్పేస్తుంది, చేతులు జాగ్రత్త. ఇక చెవితో వినడమే. టర్బో మూతి దగ్గర గాలి వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ దగ్గర అయితే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు, ఆయిల్ మూత దగ్గర అయితే పిస్టన్, రింగులు, బోరు. మన బండిలో రేడియేటర్ నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి, ఆయిల్ మూత రంధ్రం మాత్రం ఈల వేసింది. కూలెంట్ పొంగింది వేడి భారానికే కావచ్చు, నాలుగో సిలిండర్ దగ్గర గ్యాస్కెట్ తెగి మాత్రం కాదు. కరిగింది పిస్టనే అని హెడ్ విప్పకుండానే ఇప్పుడు దాదాపుగా చెప్పవచ్చు.

ఇంకొక్క పరీక్షను చాలామంది వదిలేస్తారు, నా ఉద్దేశంలో అదే అన్నిటికంటే చవక. టర్బో మూతికి అడ్డు బిగించి, దాంట్లోంచి 20 పీఎస్ఐ గాలి ఎక్కించి, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టాల మీదా క్లిప్పుల మీదా సబ్బునీళ్లు రాయాలి, సైకిల్ ట్యూబుకు పంక్చర్ వెతికినట్టే. ఇక్కడ ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కు వచ్చే గొట్టం అడుగున, క్లిప్పు అంచు కోసిన చోట, వేలెడు చీలిక మీద సబ్బు నురగ గుబగుబలాడింది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, బూస్ట్ ఎక్కగానే తెరుచుకునే చీలిక అది. సిలిండర్‌కు చేరే గాలి ఇక్కడా తగ్గింది, దాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా తిరిగింది, పికప్ తగ్గిందని డ్రైవరు ఇంకా తొక్కాడు.

విప్పాక

విప్పిన భాగాలను కడగకుండా, సిలిండర్ వరుస తప్పకుండా బల్ల మీద పేర్చాలి; మసి కూడా సాక్ష్యమే. నాలుగో పిస్టన్ తలలోని గిన్నె లాంటి గుంట అంచు ఒకవైపు కరిగి, పై రింగు దాకా కాలువలా దిగింది. ఆ కాలువ నాజిల్ చిమ్మే ధారల్లో ఒకదానికి సూటిగా ఉంది. నాజిళ్లను పంపు షాపులో బెంచి మీద పెడితే నాలుగోది తెరుచుకోవాల్సిన ఒత్తిడి కంటే ముందే తెరుచుకుంటోంది, ఆగాక కూడా చుక్క కారుతోంది. బోరు గోడ మీద ఆ వైపున నిలువు గీతలు పడ్డాయి, కారిన డీజిల్ ఆయిల్ పొరను కడిగేయడం వల్ల. ఈ ఇంజన్‌కు విడి లైనర్లు, అంటే తీసి మార్చగల సిలిండర్ గొట్టాలు, ఉండవు, బోరు బ్లాకులోనే ఉంటుంది కాబట్టి ఇక బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయాలి, లేదా స్లీవ్ దించాలి.

ఇక్కడితో నాజిల్‌ను ముద్దాయిని చేసి కేసు మూసేయాలని అనిపిస్తుంది. మిగతా అయిదు పిస్టన్లనూ చూడండి. కరగలేదు గానీ అయిదింటికీ గిన్నె అంచు మీద సన్నని పగుళ్లున్నాయి, వేడెక్కి చల్లారి, మళ్లీ వేడెక్కి వచ్చే పగుళ్లు. నాజిల్ ఒక్కటే తప్పు చేసి ఉంటే మిగతావి శుభ్రంగా ఉండాలి. కాబట్టి ఇంజన్ మొత్తానికే గాలి చాలలేదు. ఆరింటిలో ముందు ఏది పోవాలన్నది మాత్రమే నాలుగో నాజిల్ తేల్చింది. టర్బో చక్రాన్ని చూస్తే ఆ మాటే బలపడుతుంది: రెక్కల అంచులు గోడకు రాసుకున్న తాజా మెరుపు, వేలితో కదిపితే షాఫ్ట్ పక్కకు ఊగడం, రెండూ అతివేగం గుర్తులు.

గ్యాస్కెట్‌ను కూడా ఊరికే పారేయకూడదు. సిలిండర్ చుట్టూ ఉన్న ఉక్కు ఉంగరం చదునై, అక్కడి నుంచి నీటి రంధ్రం వైపు నల్లని మసి చార సాగితే హెడ్ లేచిందని అర్థం. ఇక్కడ చార రెండో సిలిండర్ దగ్గర మొదలై సగంలో ఆగింది. యజమాని తీర్పు పూర్తిగా తప్పు కాదన్నమాట, ఒత్తిడి కూడా తన పని మొదలుపెట్టింది, వేడి దాన్ని దాటి ముందుకెళ్లింది.

మార్పులు చేసిన బండి కదా అని ప్రతి తప్పునూ మార్పుల మీదే వేయడం ఇంకో రకం పొరపాటు. ఈ పన్నెండు వాల్వుల ఇంజన్‌లో ముందువైపు గేర్ కేసును బ్లాకుకు సరిగ్గా కూర్చోబెట్టే ఒక చిన్న ఉక్కు పిన్ను, ఏళ్ల అదురుకు జారి టైమింగ్ గేర్ల మధ్య పడటం పేరుపొందిన జబ్బు. అది పంపు ముట్టని బండికీ వస్తుంది. ముందు కవరు ఎలాగూ విప్పినప్పుడు దానికి అడ్డు రేకు బిగించడం పది నిమిషాల పని. అలాగే కూలెంట్‌లో ఆయిల్ తేలితే హెడ్ కంటే ముందు ఆయిల్ కూలర్‌ను అనుమానించాలి, ఈ శ్రేణిలో అది చిల్లిపడితే ఆయిల్ నేరుగా నీళ్లలో కలుస్తుంది. ఆయిల్ మట్టం పెరిగి పలచబడితే నాజిల్ ఒక్కటే కాదు, ఇన్‌లైన్ పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజర్లు అరిగినా డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది.

మన దగ్గర ఘాట్ ఎక్కాలని పంపు పెంచించుకున్న లారీకి కూడా వరుస ఇదే, ఎత్తు మాత్రమే తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో స్క్రూ తిప్పే పని లేదు, లెక్కంతా కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని మార్పించుకున్నవారి బండిని పరీక్షించేటప్పుడు ఏ అంకె మార్చారో తెలియదు, అడిగితే చెప్పేవారూ తక్కువ. ఇంజన్‌లోని వేడి, ఒత్తిడి మాత్రం పాతవే.

ఇక ఆ ట్రక్కు సంగతి. బోరింగ్, ఆరు పిస్టన్లు, ఆరు నాజిళ్ల పరీక్ష, కొత్త గొట్టం, మరమ్మతు చేసిన టర్బో, మళ్లీ పనిచేసే వేస్ట్‌గేట్, ఫ్యూయల్ ప్లేటు తిరిగి దాని చోటికి. ఈ పట్టీ చూసి యజమాని ప్లేటు దగ్గర బేరం మొదలుపెడతాడు. అది అతని బండి, అతని ఇష్టం. కానీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను ఎలాగూ బల్ల మీదికి తీశారు, రజను టర్బోలో పడుతుందన్న సాకు ఇప్పుడు లేదు; వేడి మీటరు ప్రోబుకు రంధ్రం అక్కడే, టర్బోకు ముందే చేయించి పంపాలి.